మేకల మంద, కలివి కోడి, కాలువ నీరు: సీమ అడవుల అంచున పల్లెల పాత్ర

కడప జిల్లాలో బద్వేలుకూ సిద్ధవటానికీ నడుమ లంకమల కొండలున్నాయి. పైన ఎర్రచందనం, చిరుమాను చెట్లు. కొండ దిగి పల్లెల వైపు వస్తుంటే చెట్లు పలచబడి పొదలు మొదలవుతాయి. కలివి, రేగు, తుమ్మ పొదలు, వాటి మధ్య గులకరాళ్లు కలిసిన ఎర్రటి బోడినేల. పులిని చూడాలనో ఎలుగుబంటిని చూడాలనో వచ్చిన మనిషి ఇక్కడ ఆగడు. రెవెన్యూ లెక్కల్లో ఇలాంటి నేలకు తరచుగా దక్కే స్థానం బంజరు. ప్రపంచంలోని అత్యంత అరుదైన పక్షుల్లో ఒకటైన కలివి కోడికి మాత్రం ఇదే ఇల్లు.

1900లో అనంతపురం దగ్గర కనిపించిన తరువాత ఈ పక్షి శాస్త్రజ్ఞుల కంటికి ఎనభై ఆరేళ్లు దొరకలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ పల్లెపల్లెకూ తిరిగి, పక్షి బొమ్మ చూపించి అడిగితే, రాత్రిపూట పిట్టలు పట్టేవాళ్లు గుర్తుపట్టారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర టార్చిలైటు వెలుగులో ఒక పక్షిని పట్టుకున్నది స్థానికుడే. వార్త తెలిసి, తొంభైకి చేరువైన వయసులో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ దాన్ని చూడడానికి వచ్చారు. రెండేళ్లకు, 1988లో, సుమారు 464 చదరపు కిలోమీటర్ల శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

అభయారణ్యం అనగానే వెంటనే పుట్టే ప్రశ్న పల్లెల గురించే. మేకలు తోలుకుని రోజూ లోపలికి వెళ్తారు, కట్టెలు కొడతారు, కంచెకు కంప నరుకుతారు. వీళ్లను ఆపితే పక్షి బతుకుతుందా? దీనికి మన దగ్గర రెండు సమాధానాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పల్లె జనమే అడవిని తినేస్తున్నారని కొందరు, పల్లె జనమే అడవికి కాపలా అని మరికొందరు. లంకమలలో జరిగిన పరిశోధన ఈ రెంటికీ లొంగదు. అందుకే దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

కలివి కోడి పగలు కనిపించదు. పొద్దుగూకాక బయటికి వస్తుంది. దాన్ని లెక్కించడానికి 2000 తరువాతి సంవత్సరాల్లో పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, మరునాడు ఉదయం అడుగుల గుర్తులు వెతికారు. కెమెరాలు అమర్చారు, కూత వినిపించి బదులు కోసం చెవి ఒగ్గారు. పక్షి ఎక్కువగా తిరిగే చోట్ల పొదలను కూడా లెక్కపెట్టారు. రెండు మీటర్లు దాటిన పెద్ద పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా, చిన్న పొదలు వెయ్యి లోపు ఉన్న నేల దానికి నచ్చుతుందని తేలింది. అంటే పెద్ద పొదకూ పెద్ద పొదకూ మధ్య దాదాపు నాలుగు నుంచి ఆరు మీటర్ల ఎడం ఉండాలి. అంతకంటే చిక్కబడితే దానికి నడిచి వెతుక్కునే నేల మిగలదు. అంతకంటే పలచబడితే దాక్కునే చాటు పోతుంది.

ఇప్పుడు ఆ ఎడం ఎలా నిలిచి ఉందో ఆలోచించండి. వర్షం బాగా పడిన నాలుగేళ్లు ఎవరూ తొక్కకుండా వదిలేస్తే రేగు, తుమ్మ అల్లుకుపోతాయి. మేకలు లేత చిగుళ్లను తుంచుతూ ఉండడం వల్ల, పొయ్యి కోసం కొమ్మలు కొట్టడం వల్ల, మంద నడిచిన దారులు తెరిచే ఉండడం వల్ల ఆ పొదల అడవి సగం తెరిచి, సగం మూసి ఉంటుంది. మేకలు పగలు మేస్తాయి, పక్షి రాత్రి తిరుగుతుంది. ఒకే నేలను ఇద్దరూ వేర్వేరు వేళల్లో వాడుకుంటున్నారు. మంద రెట్టింపైతే, పెద్ద పొదలను మొదలంటా నరికి లారీల్లో అమ్మకానికి ఎక్కిస్తే, అదే పని పక్షిని వెళ్లగొడుతుంది. మేపు మంచిదా చెడ్డదా అని అడిగితే ఇక్కడ జవాబు దొరకదు. హెక్టారుకు పొదలెన్ని మిగిలాయో చూస్తేనే దొరుకుతుంది.

ఆ పొదల నేల తగ్గిపోవడానికి మేకల కంటే పెద్ద కారణం ఇంకోటి ఉంది. ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూస్తే 1991, 2000 మధ్య అభయారణ్యం లోపలా చుట్టుపక్కలా పొదల నేల పదో వంతుకు మించి తగ్గింది. అందులో ఎక్కువ భాగం సాగు భూమిగా మారింది. సాగు ఎందుకు పెరిగింది? పెన్నా మీద సోమశిల జలాశయం కట్టినప్పుడు యాభైకి పైగా గ్రామాలు కదలవలసి వచ్చింది. ఆ కుటుంబాలు ఈ పక్షి తిరిగే ప్రాంతాలకే చేరాయి. ఇల్లూ పొలమూ నీళ్ల పాలైన మనిషి ఇంకెక్కడ దున్నుతాడు? శ్రీశైలం నుంచి కృష్ణా నీటిని మద్రాసు దాకా తీసుకెళ్లే తెలుగుగంగ ఈ సీమకు కాలువలు, జలాశయాలు తెచ్చింది. 2005లో కాలువ పనుల కోసం కలివి కోడి నివాసంలోనే యంత్రాలు దిగాయి. పరిశోధకులు ఫిర్యాదు చేయడంతో వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ దాకా వెళ్లింది. చివరకు కాలువ దారి మార్చారు, పక్షి కోసం అదనంగా భూమి సేకరించాలని నిర్ణయించారు. అయినా ఆ దశాబ్దం చివరి నుంచి ఏళ్ల తరబడి దాని జాడ దొరకడం గగనమైపోయింది.

ఈ ముంపు, కాలువ కథను చదివినప్పుడల్లా నేను ఆగిపోయేది ఒక్క చోటే. మేకల కాపరిని అడవి గస్తీ సిబ్బంది ప్రతిరోజూ ఆపగలరు. ముంపు గ్రామాలను ఎక్కడికి తరలించాలో, కాలువ ఎటు పోవాలో నిర్ణయించే గదిలో ఆ పక్షి తరఫున ఎవరూ కూర్చోలేదు. కాపరి తరఫున కూడా లేరు. పల్లె అడవిని మార్చిందని మనం లెక్క రాసే మార్పుల్లో చాలావాటికి మొదలు పల్లెలో ఉండదు.

దీనికి పూర్తిగా భిన్నమైన కథ పాత కర్నూలు జిల్లాలో, నందికొట్కూరు దగ్గర రోళ్లపాడులో నడిచింది. ఇది అడవి కూడా కాదు, గడ్డి మైదానం. మొత్తం కలిపి 614 హెక్టార్లు. ఇక్కడ బట్టమేక పక్షులు ఉన్నాయని 1980 ప్రాంతంలో బయటి ప్రపంచానికి తెలిసింది. మగ పక్షి పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో ఇంత బరువైనవి చాలా కొద్ది. ఆడపక్షి సాధారణంగా ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది, అదీ నేల మీద. పశువు కాలు పడినా, కుక్క వాసన పట్టినా ఆ ఏడాది కాన్పు పోయినట్టే. కాబట్టి కందకాలు తవ్వి, గోడలు కట్టి, కొన్ని భాగాల్లోకి పశువులు రాకుండా చేశారు. గడ్డి ఏపుగా పెరిగింది, పక్షులు గుడ్లు పెట్టుకున్నాయి. 1988లో దీన్నీ అభయారణ్యంగా ప్రకటించారు. మొదట్లో ఇది దేశానికే ఆదర్శంగా కనిపించింది.

బట్టమేక పక్షి అవసరాలు గోడ లోపల తీరిపోయేవి కావు, చిక్కంతా అక్కడే మొదలైంది. గుడ్డు పెట్టడానికి దానికి పొడవాటి గడ్డి కావాలి. తిరగడానికి, మిడతలూ పురుగులూ ఏరుకోవడానికి పశువులు మేసి పొట్టిగా చేసిన బీడు కావాలి, జొన్న చేను కావాలి, కోత అయిన కొర్ర మడి కావాలి, కంది సాళ్లు కావాలి. మందులు కొట్టని, వానమీద ఆధారపడిన సీమ సేద్యమే దానికి మిగతా సగం ఇల్లు. ఆరువందల హెక్టార్లు గూటికి చాలవచ్చు, బతుకుకు చాలవు.

గోడ బయట పల్లెలు మారుతూ వచ్చాయి. జొన్న, కొర్ర తగ్గి పత్తి, పొగాకు, పొద్దుతిరుగుడు వచ్చాయి. వాటితో పాటు పురుగుమందులూ వచ్చాయి. బీళ్లు దున్నకానికి వెళ్లాయి. కె.సి. (కర్నూలు-కడప) కాలువ ఆయకట్టు కోసం కట్టిన అలగనూరు జలాశయం ఈ పక్కనే వచ్చింది. నీరు వచ్చినచోట రైతు జొన్న వేయమంటే వేయడు. వేయాలని అడిగే నైతిక హక్కు కూడా, అతనికి నష్టం పూడ్చకుండా, ఎవరికీ లేదు. తీగలు, స్తంభాలు పెరిగాయి. బట్టమేక పక్షికి ఎదురుగా ఉన్నది సరిగా కనపడదు. దాని చూపు పక్కలకూ నేలకూ ఎక్కువ. బరువు వల్ల చివరి క్షణంలో పక్కకు తిరగలేదు, కాబట్టి కరెంటు తీగలు దానికి ప్రాణాంతకం.

ఇదే సమయంలో గోడ లోపలి గడ్డి మరొక జంతువుకు కలిసొచ్చింది. మొదట్లో అతి కొద్దిగా ఉన్న కృష్ణ జింకలు వందలకు పెరిగాయి. రాత్రి గోడ దాటి చేలల్లో పడ్డాయి. వేరుశనగ మొలక దశలో ఒక జింకల గుంపు దిగితే తెల్లారేసరికి సాలు మిగలదు. పరిహారం కోసం కాగితాలు పట్టుకుని తిరిగే రైతుకు, తన ఊరి మేత భూమిని మూసేసి తన పంటను జింకలకు వదిలిన ఏర్పాటుగానే అభయారణ్యం కనిపించింది. ఒక పక్షి కోసం అతను చాలా వదులుకున్నాడు. ఆ పక్షి మాత్రం మిగలలేదు. ఏడాదికేడాది తగ్గుతూ వచ్చి, రోళ్లపాడు బట్టమేక పక్షి లేని రోళ్లపాడుగా మిగిలింది.

ఈ ఓటమికి కాపరులను బాధ్యులను చేయడం అన్యాయం. పశువులు రాకుండా పూర్తిగా మూసివేయడం తప్పని తేల్చేయడమూ తొందరపాటే. వానాకాలంలో, గుడ్డు నేల మీద ఉన్న నెలల్లో, మంద లోపలికి రాకపోవడం తప్పనిసరి. ఆ నెలలు దాటాక అదే మంద మేయకపోతే గడ్డి మాగి, దట్టమై పక్షికి పనికిరాకుండా పోతుంది. అంటే కావలసింది ఒక క్యాలెండరు, దాన్ని కాపరులతో కలిసి కూర్చుని రాయాలి. ఏ వాన తరువాత ఏ గడ్డి ఎప్పుడు ముదురుతుందో వాళ్లకంటే బాగా చెప్పేవాళ్లు లేరు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల ఉద్యానంలో 1982లో గేదెలను పూర్తిగా నిషేధించారు. నిరసన తెలిపిన పల్లె జనంపై పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ తరువాత మేసేవాళ్లు లేక నీటి మడుగుల్లో గడ్డి కమ్ముకుని, ఏ పక్షుల కోసం నిషేధం పెట్టారో వాటికే నీటి జాగా తగ్గిందని పరిశోధకులు గుర్తించారు. అంత మూల్యం చెల్లించి నేర్చుకున్న పాఠం మన గడ్డినేలల దాకా రావడానికి ఎందుకింత ఆలస్యమవుతోందో నాకు అర్థం కాదు.

లంకమల పొదల నుంచీ రోళ్లపాడు గడ్డి నుంచీ నేర్చుకున్నదాన్ని నల్లమలకు యథాతథంగా వర్తింపజేస్తే మళ్లీ తప్పు చేస్తాం. ఆత్మకూరు, వెలుగోడు, మహానంది, అహోబిలం వెనక నిలబడినది అసలైన ఆకురాల్చే అడవి, పులి అడవి. 1978లో అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ పథకంలోకి వచ్చిన నాగార్జునసాగర్ శ్రీశైలం రిజర్వులో ఇది భాగం. దక్షిణాన గుండ్లబ్రహ్మేశ్వరం అభయారణ్యం ఉంది. ఇక్కడ పల్లె అంటే ఒకటి కాదు. అడవి లోపల బైర్లూటి, పెచ్చెరువు వంటి చెంచు గూడేలు. అంచున రైతుల ఊళ్లు. వానాకాలానికి దూరం నుంచి మందలతో వచ్చే కాపరులు. ఉగాదికి కర్ణాటక నుంచి నడిచి శ్రీశైలం వెళ్లే వేలాది భక్తులు. నలుగురి ముద్రా అడవి మీద వేరువేరుగా పడుతుంది. ‘మానవ ఒత్తిడి’ అని ఒకే గంపలో వేస్తే ఏ సమస్యకూ మందు దొరకదు.

రైతుల ఊళ్లతోనే మొదలుపెడదాం. పంట చేలల్లో ఉన్న నెలల్లో పశువులకు ఊళ్లో జాగా ఉండదు, అడవికి తోలతారు. కోతలయ్యాక మోళ్లు మేయడానికి తిరిగి వస్తాయి. సరిగ్గా మొలకలు పైకి వచ్చే వానాకాలంలోనే మందలు లోపల ఉంటాయన్నమాట. తొక్కిడికి నేల గట్టిపడితే నీరు ఇంకదు, మొక్క వేరు పట్టదు. పశువు తినే మొక్కలు తగ్గి, తినని లంటానా పెరుగుతుంది. దుప్పికీ కణితికీ మేత తగ్గితే పులికి ఆహారం తగ్గుతుంది. అప్పుడు పులి పశువును కొడుతుంది. యజమాని కోపంతో కళేబరంలో విషం పెట్టే ప్రమాదం ఉంటుంది. గొలుసులో ప్రతి లంకె స్పష్టంగానే ఉంది. ట్రాక్టర్లు వచ్చాక ఈ చిత్రం ఇంకా మారింది. కాడెద్దులు తగ్గాయి, అమ్మకానికి పెంచే గొర్రెలు, మేకలు పెరిగాయి. ఎండాకాలంలో కాపరి దోటితో కొమ్మలు దించి మేపుతాడు. ఏటా అదే చెట్టు మీద కత్తి పడితే దానికి పూతా కాయా ఉండవు.

నిప్పు సంగతి ఇంకా చిక్కు. నల్లమలలో మంటలు దాదాపు ఎప్పుడూ మనిషి చేతివే. కొత్త గడ్డి చిగురించాలని, తునికాకు లేతగా రావాలని, రాలిన ఇప్పపూలు ఏరుకోవడానికి నేల శుభ్రంగా ఉండాలని పెట్టేవి కొన్ని. ఆర్పని బీడీ, దారిలో వంట పొయ్యి వల్ల రేగేవి కొన్ని. ఇంకా తేమ ఉన్న రోజుల్లో పాకే మంట ఎండుటాకును మాత్రమే కాల్చి పోతుంది. తరువాత వచ్చే పచ్చిక దుప్పులకు కూడా పనికొస్తుంది. ఏప్రిల్‌లో బోద గడ్డి నిట్టనిలువునా ఎండిపోయాక అంటుకున్న మంట లేత మానులను మొదలంటా మాడుస్తుంది. అది ఏటేటా వస్తే ముసలి చెట్లు మిగులుతాయి, వాటి స్థానంలోకి వచ్చే పిల్ల చెట్లు ఉండవు. పైకి అడవి ఉన్నట్టే కనిపిస్తుంది. ముప్పై నలభై ఏళ్ల తరువాత తెలుస్తుంది, దాని తరం ఆగిపోయిందని.

చెంచుల విషయంలో మాత్రం తూకం చాలా వరకు అటువైపే మొగ్గుతుందని నా నమ్మకం. తేనె, గడ్డలు, తపసి జిగురు, చింతపండు వంటివాటి మీద ఆధారపడిన కొద్దిపాటి కుటుంబాలు ఇంత అడవిని కరిగించలేవు. జిగురుకు బయటి మార్కెట్లో ధర పెరిగి, త్వరగా ఎక్కువ తెమ్మని వ్యాపారి తొందరపెట్టినప్పుడు తపసి చెట్టుకు లోతైన గాట్లు పడి చెట్లు చచ్చిన మాట నిజమే. అక్కడ గాటు పెట్టిన చేతి కంటే దాన్ని తొందరపెట్టిన డబ్బు గురించి ముందు మాట్లాడాలి. పులి అడుగును, వేటగాడి ఉచ్చును, మంట మొదలైన చోటును గుర్తించడానికి అటవీశాఖ బేస్ క్యాంపులు ఆధారపడుతున్నది చాలావరకు చెంచు కాపలాదారుల మీదే. ఆ ఉద్యోగాలు రోజుకూలీ స్థాయిలో ఉండిపోవడం మనందరం సిగ్గుపడవలసిన విషయం.

అంచున ఉన్న ఊరు అడవికి ఎంత చేయగలదో 2023 మార్చిలో కొత్తపల్లె మండలం పెద్ద గుమ్మడాపురంలో కనిపించింది. ఊరి దగ్గర నాలుగు పులి కూనలు దొరికాయి. ఊరివాళ్లు వాటిని కుక్కల బారిన పడకుండా ఒక గదిలో భద్రంగా ఉంచి అటవీ సిబ్బందికి కబురు పెట్టారు. తల్లిని వెతికి కూనలను కలపాలని సిబ్బంది రోజుల తరబడి ప్రయత్నించారు. కుదరక చివరకు తిరుపతి జంతు ప్రదర్శనశాలకు తరలించారు. తల్లి పులి పక్కనే తిరుగుతుందన్న భయంతో నిద్రలేని ఊరు అది. ఆ భయంలోనూ ఆ కూనల మీద ఒక్క రాయి పడలేదు. ఇలాంటి ఊరి పక్కనే అడవి పందుల కోసం పొలం గట్టున కరెంటు తీగ లాగే రైతూ ఉంటాడు. ఆ తీగకు చిరుతలూ ఎలుగుబంట్లూ చస్తాయి, కొన్నిసార్లు మనుషులూ చస్తారు. ఇద్దరూ ఒకే ఊరివాళ్లు కావచ్చు. పంట నష్టానికి పరిహారం ఎన్ని నెలలకు అందుతుందన్నదే చాలాసార్లు ఆ తీగను లాగిస్తుంది లేదా ఆపుతుంది.

కట్టెల సంగతి త్వరగా చెప్పవచ్చు. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక మోపులు తగ్గాయి. గ్యాసు ధర పెరిగినప్పుడు మళ్లీ కనిపిస్తాయి. ఎర్రచందనం గురించి కూడా ఒక్క మాట: శేషాచలం, పాలకొండ, లంకమల, వెలికొండల్లో తప్ప సహజంగా మరెక్కడా పెద్దగా పెరగని ఈ చెట్టును నరికే కూలీలలో చాలామంది దూరప్రాంతాల పేదలు, నడిపించేది అంతర్జాతీయ వ్యాపారం. దాన్ని కొండ కింది పల్లెల ఖాతాలో రాయడం పొరపాటు.

చట్టం ఈ తేడాలకు చోటు ఇచ్చింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జాతీయ ఉద్యానంలో పశువుల మేపు పూర్తిగా నిషిద్ధం. అభయారణ్యంలో అలా కాదు. వన్యప్రాణుల మేలును బట్టి మేపును క్రమబద్ధం చేయవచ్చు, అదుపు చేయవచ్చు, అవసరమైతే ఆపవచ్చు. లంకమల, రోళ్లపాడు రెండూ అభయారణ్యాలే. అంటే ఏ పొదల్లో, ఏ నెలల్లో, ఎన్ని మేకలు అన్న ప్రశ్నకు శాస్త్రం చెప్పిన జవాబును అమలు చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు తన సామూహిక అటవీ వనరును కాపాడే, నిర్వహించే హక్కునిచ్చింది. 1992 తరువాత ఊరూరా ఏర్పడిన వన సంరక్షణ సమితులు నిధులున్నంతకాలం కొన్నిచోట్ల బాగా పనిచేశాయి, నిధులాగాక చాలాచోట్ల కాగితం మీద మిగిలాయి. కారణం ఊహించడం కష్టం కాదు. కూలి దొరికింది కానీ, నిర్ణయం సమితి చేతికి రాలేదు.

లంకమల కింద ఇప్పుడు చేయదగిన పని చాలా చిన్నది, ఖర్చూ తక్కువ. రెండు మూడేళ్లకోసారి ఊరి కాపరులతో కలిసి పొదలు లెక్కపెట్టాలి. హెక్టారుకు 700 దాటిన చోట మేపునూ కొంత కొట్టడాన్నీ అనుమతించాలి. 300 లోపుకు పడిపోయిన చోట మందను ఆపి, ఆ కుటుంబాలకు ఆ కాలానికి మేత ఇవ్వాలి. రాత్రిపూట కూత వినే పనికి పిట్టలు పట్టిన కుటుంబాల పిల్లలనే జీతమిచ్చి పెట్టుకోవాలి. రోళ్లపాడు చుట్టూ జొన్న, కొర్ర వేసే రైతుకు పత్తితో వచ్చే తేడాను చెల్లించి, జింకల నష్టాన్ని అదే సీజన్లో లెక్కగట్టి ఇవ్వాలి. బట్టమేక పక్షి తిరిగి రాకపోయినా వానాకాలంలో వచ్చే నేల నెమలి అనే పక్షికీ, తోడేలుకూ, కృష్ణ జింకకూ ఆ గడ్డి ఇంకా అవసరమే. ఈ పనుల్లో ఏదీ గోడ ఎత్తు పెంచితే జరగదు. ప్రతిదానికీ ఊరి మనిషి సంతకం కావాలి, ఆ సంతకానికి ముందు అతనికి కాలువ మ్యాపూ, భూసేకరణ పటమూ చూపించాలి.